రెండు టికెట్లు, ఒక పెట్టె

ప్రశ్న: మా అమ్మానాన్నలు మొదటిసారి విదేశం వెళ్తున్నారు. దారిలో ఇంకో దేశంలో విమానం మారాలి. రెండు విమానాలకూ టికెట్లు వేర్వేరుగా కొన్నాం. ఇక్కడ కౌంటర్‌లో ఇచ్చిన పెట్టెలు నేరుగా చివరి ఊరికి వెళ్తాయా, మధ్యలో వాళ్లే తీసుకోవాలా? నాన్నగారికి దీని గురించే టెన్షన్.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో ‘వేర్వేరుగా కొన్నాం’ అన్నచోటే నేను ఆగిపోయానమ్మా. విమానాశ్రయంలో సామాను విభాగంలో ఏళ్ల తరబడి పనిచేశాను. మధ్య ఊళ్లో దిగాక ఈ సంగతి తెలిసి కంగారుపడే పెద్దవాళ్లను ఎంతమందినో చూశాను.

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉంటే, కంపెనీలు వేరైనా వాటి మధ్య ఒప్పందం ఉంటుంది కాబట్టి సాధారణంగా పెట్టెకు చివరి ఊరి ట్యాగే వేస్తారు. మధ్యలో దాన్ని దించి, స్కాన్ చేసి, భద్రతా తనిఖీ చేయించి రెండో విమానానికి చేర్చడం వాళ్ల పని. టికెట్లు వేరైతే మాత్రం మొదటి కంపెనీ లెక్కలో మీవాళ్ల ప్రయాణం మధ్య ఊళ్లోనే అయిపోయింది. పెట్టె అక్కడి బెల్టు మీదికి వచ్చేస్తుంది. దాన్ని తీసుకుని రెండో కంపెనీ కౌంటర్‌లో మళ్లీ ఇవ్వాలి. అందుకోసం ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, అంటే ఆ దేశపు వీసా అవసరం కావచ్చు. ముందు ఈ విషయం కనుక్కోండి. రెండో కంపెనీ ఎంత బరువు ఒప్పుకుంటుందో, కౌంటర్ ఎప్పుడు మూస్తుందో కూడా చూడండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ టికెట్ డబ్బు తిరిగి రాకపోవచ్చు. ఇంకా సమయం ఉంటే, కాస్త ఎక్కువైనా ఒకే టికెట్‌గా మార్చుకోమనే నా సలహా.

కౌంటర్‌లో బతిమాలితే చివరిదాకా ట్యాగు వేస్తారని కొందరు చెబుతారు. కొన్ని కంపెనీలు వేస్తాయి కూడా. కుదరదంటే మాత్రం ఆ ఉద్యోగి మీద కోపం తెచ్చుకోవద్దు. 1985 జూన్‌లో వాంకూవర్‌లో ఒక ప్రయాణికుడు, తర్వాత మారాల్సిన ఎయిరిండియా విమానంలో సీటు ఖరారు కాకపోయినా పెట్టెను అందులోకే పంపమని పట్టుబట్టాడు. పెట్టె వెళ్లింది, అతను ఎక్కలేదు. ఆ పెట్టెలోని బాంబు పేలి, కనిష్క అనే ఆ ఎయిరిండియా విమానంలోని 329 మంది పోయారు. ఆ తర్వాతే, మనిషి ఎక్కకపోతే అతని పెట్టెను దించెయ్యాలన్న నియమం అంతర్జాతీయ ప్రయాణాల్లో గట్టిపడింది. మా విభాగంలో చేరిన ప్రతివారికీ నేను మొదట చెప్పిన సంగతి ఇదే.

నాన్నగారికి ట్యాగు చదవడం నేర్పండి. పెద్దగా కనిపించే మూడు ఇంగ్లీషు అక్షరాలు పెట్టె ఏ విమానాశ్రయం దాకా వెళ్తుందో చెబుతాయి. కింద పది అంకెల నంబరు ఉంటుంది. పెట్టె బెల్టు మీద కదలకముందే ఆ అక్షరాలు చూసి, “ఇది ఎక్కడిదాకా?” అని అడగాలి. అడగడానికి మొహమాటపడకూడదు. చేతికిచ్చిన ట్యాగు ముక్కను ఫొటో తీసుకోవాలి. పాత ప్రయాణాల ట్యాగులు, పక్కన అంటించిన చిన్న స్టిక్కర్లు కూడా పీకేయాలి. యంత్రం పాత బార్‌కోడ్ చదివితే పెట్టె పక్కకు పోతుంది.

అమెరికా వెళ్లేవాళ్లకు ఒక తేడా ఉంది. ఒకే టికెట్ అయినా, ట్యాగు మీద చివరి ఊరే ఉన్నా, ఆ దేశంలో మొదట దిగిన చోట పెట్టె తీసుకుని కస్టమ్స్ దాటించి, బయట ఉండే బెల్టు మీద మళ్లీ వెయ్యాలి. కొద్ది చోట్ల తప్ప అంతటా ఇదే పద్ధతి.

పెట్టె రాకపోతే హాలు వదిలి బయటికి రావద్దు. అక్కడే సామాను కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి, పీఐఆర్ అనే కాగితం, దాని నంబరు తీసుకోవాలి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె దెబ్బతింటే అందిన 7 రోజుల్లోపు, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లోపు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మందులు, కాగితాలు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే పెట్టండి. పవర్ బ్యాంకు ఎలాగూ పెట్టెలో పెట్టనివ్వరు.