నీలం ట్యాంకులో పాలిపోయిన కొర్రమీను

ప్రశ్న: నెల క్రితం చెరువులోని కొర్రమీన్లను నీలం టార్పాలిన్ ట్యాంకులోకి మార్చాను. దాదాపు అన్నీ పాలిపోయాయి, ఐదారు మాత్రం బొగ్గులా ఉన్నాయి. పాలిపోయినవాటికి జబ్బంటూ వ్యాపారి ధర తగ్గిస్తున్నాడు. రంగు రావడానికి మందుందా?
– ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: మందు కొనకండి. పాలిపోయినవి మేత తింటూ చురుగ్గా తిరుగుతుంటే వాటికి జబ్బు లేదు. మీరు ముందు చూడాల్సింది ఆ నల్ల చేపలను.

చేప చర్మంలోని రంగు కణాల నిండా నల్లటి మెలనిన్ రేణువులుంటాయి. అవి కణమంతా పరుచుకుంటే చేప నల్లగా, మధ్యలో ముద్దకడితే లేతగా కనిపిస్తుంది. మీ నీలం టార్పాలిన్‌లా అడుగు లేత రంగులో ఉందని కన్ను చూడగానే మెదడు నరాలకు కబురు పంపుతుంది. నరం కొస నుంచి నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనం ఊరి, రేణువులు మధ్యకు చేరతాయి. పొలుసొకటి తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఒక చుక్క వేస్తే ఇది కళ్లారా చూడొచ్చు. పొలుసునంటి ఉన్న నరాల కొసలు స్పందించి, సాలీడు కాళ్లలా చాచుకున్న నలుపు నిమిషాల్లో చిన్న చుక్కగా ముడుచుకుంటుంది. మామూలు ఉప్పు ద్రావణంతో కడిగితే మళ్లీ విచ్చుకుంటుంది.

కన్ను పోయిన చేపకు అడుగు రంగు తెలియదు. కబురు అందక అది నల్లబడిపోతుంది. అందుకే ఆ ఐదారింటినీ తడి చేత్తో పట్టి, వెలుతురులో రెండు కళ్లూ చూడండి: తెల్లపొర, ఉబ్బు, గాయం ఉన్నాయా? ఉంటే వెంటనే వేరు చేయండి. కొర్రమీను తోటి చేపనే కొరికే జాతి, గుడ్డిది ముందు బలవుతుంది. కళ్లు బాగుండీ మేత ముట్టకపోతే నీటిలో అమోనియా పరీక్ష చేయించి, బతికున్న చేపను మత్స్యశాఖ ల్యాబుకు పట్టుకెళ్లండి. ఊహించి యాంటీబయాటిక్ వేయొద్దు.

ఒళ్లంతా కాక వెనక భాగమే నల్లబడితే వల పట్టినప్పుడు నరం దెబ్బతిందేమో చూడాలి. తేనెటీగల పరిశోధనకు 1973లో నోబెల్ పొందిన కార్ల్ ఫాన్ ఫ్రిష్, 1911లోనే మిన్నో అనే చిన్న మంచినీటి చేపలో నరం కోసి చూశారు. కోత వెనక భాగమే నల్లబడింది.

అమ్మే చేపలను కొన్ని రోజుల ముందు నల్ల షీటు పరిచిన తొట్టిలోకి మార్చండి. నరాల వల్ల వచ్చే మార్పు త్వరగానే కనిపిస్తుంది. రంగు కణాలే పెరిగి నలుపు ముదరాలంటే మాత్రం వారాలు పడుతుంది. మార్చేటప్పుడు బెదిరినా చేప కాసేపు పాలిపోతుంది, కాబట్టి వ్యాపారికి వలలో కాదు, తొట్టిలోనే చూపించండి.