నైట్ క్వీన్ ఏపుగా పెరుగుతోంది కానీ పూయడం లేదు, ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: హైదరాబాద్‌లో మూడో అంతస్తు బాల్కనీ, పన్నెండు అంగుళాల కుండీ, మొక్క తెచ్చి ఏడాది దాటింది, ఆకులు మిరపాకుల్లా నిగనిగలాడుతున్నాయి, పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. వారానికోసారి చెంచాడు యూరియా వేస్తున్నారు. ఇంట్లో చిన్నపాప, ఒక పిల్లి ఉన్నాయి. పైగా పక్క ఫ్లాట్ ఆవిడ పాములొస్తాయని టెన్షన్ పెట్టారు.

మాది రాజమండ్రి. పెరట్లో ప్రహరీ పక్కన నేలలో ఒకటి, డాబా మీద తొట్టిలో ఒకటి ఉన్నాయి. నేలలోది మేం ఇల్లు కొన్నప్పటికే ఉంది, పాత యజమానులు పెట్టింది. తొట్టిలోది దాని కొమ్మే. కడియం నర్సరీలు మాకు పక్కనే కాబట్టి అక్కడివాళ్ల దగ్గర అడిగి తెలుసుకున్నవి కూడా కొన్ని కలిపి చెప్తున్నాను.

ముందు మీది ఏ మొక్కో ఖాయం చేసుకుందాం. ఎందుకంటే నర్సరీల్లో నైట్ క్వీన్ అని అడిగితే రెండు రకాలు ఇస్తారు. ఒకటి మనవాళ్లు బ్రహ్మకమలం అని పిలుచుకునే ఎపిఫిల్లమ్. బల్లపరుపు ఆకు లాంటి కాడ అంచున మొగ్గ వేసి, అరచేతంత తెల్లటి పువ్వు ఒక్క రాత్రి పూసి తెల్లారేసరికి వాలిపోతుంది. అది కాక్టస్ జాతి, దాని లెక్కలు వేరు. రెండోది రేరాణి, సెస్ట్రమ్ నాక్టర్నమ్. వంగి వేలాడే కొమ్మలు, కోసుగా ఉండే ఆకులు, లేతాకుపచ్చ కలిసిన తెలుపులో సన్నటి గొట్టాల్లాంటి పూలు గుత్తులు గుత్తులుగా వస్తాయి. మిరపాకుల్లా ఉన్నాయన్నారు కాబట్టి మీది ఇదే. ఇంగ్లీషులో జాస్మిన్ అంటారు కానీ మల్లె జాతి కాదు. వెస్టిండీస్, మధ్య అమెరికా వైపు నుంచి వచ్చింది. వంకాయ, టమాటా, మిరప ఉన్న కుటుంబమే దీనిదీ. ఈ చుట్టరికం గుర్తుపెట్టుకుంటే పురుగులు, విషం గురించి చెప్పేవి తేలిగ్గా అర్థమవుతాయి.

ఇక పూత. మీ మొక్క బలహీనంగా ఉండి కాదు, తిండి ఎక్కువై పూయడం లేదు. యూరియా అంటే ఉత్త నత్రజని. అది వేసినంతకాలం ఆకు మీద ఆకు వేస్తూనే ఉంటుంది. ఈరోజే ఆపేయండి. కిచెన్ వేస్టు నీళ్లు, అవీ ఇవీ కూడా ఓ రెండు నెలలు వద్దు. నేలలో ఉన్న మా మొక్కకి నేను విడిగా ఎరువు వేయనే వేయను. తొట్టిలో దానికి మాత్రం కత్తిరించినప్పుడల్లా రెండు గుప్పిళ్లు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి వేసి పైమట్టి గుల్ల చేస్తాను. అంతకుమించి అది అడగదు.

అసలు కీలకం కత్తిరింపులో ఉంది. రేరాణి పూలు కొత్త చిగురు చివర్లలో, ఆ చిగురు మీది ఆకుల పంచల్లో వస్తాయి. ముదిరిపోయిన కొమ్మ పొడుగ్గా సాగుతూ పోతుందే తప్ప పెద్దగా పూయదు. ఏడాదిగా మీరు ఒక్కసారి కూడా కత్తిరించలేదని రాశారు, పూత లేకపోవడానికి సగం కారణం అదే. ఇప్పుడు వానలు పడుతున్నాయి కదా, ఈ వారంలోనే ప్రతి కొమ్మనీ మూడో వంతు తీసేయండి. లోపలికి పెరిగినవీ, ఎండినవీ, ఒకదాన్నొకటి రాసుకునేవీ మొదలంటా తీసేయండి. కణుపుకి కొంచెం పైన, ఏటవాలుగా కోయాలి. చూడ్డానికి గుండు కొట్టించినట్టుంటుంది, కంగారు పడకండి. రెండు మూడు వారాల్లో ప్రతి కోత కిందనుంచీ రెండేసి చిగుళ్లు వస్తాయి. ఆ చిగుళ్లే రేపు పూసేవి. ఆ తర్వాత ఒక విడత పూసి అయిపోగానే వాడిన గుత్తుల కింద ఓ జానెడు కత్తిరిస్తూ ఉంటే చాలు, మళ్లీ పెద్ద కోత అక్కర్లేదు. ఇది మల్లెలా సీజనంతా రోజూ కాసిని పూసే రకం కాదని తెలుసుకోండి. చెట్టంతా ఒకేసారి ఊగిపోతూ కొన్ని రాత్రులు పూస్తుంది, తర్వాత కొన్ని వారాలు చప్పుడు చేయదు. ఆ విరామం చూసి ఎరువు వేయకండి.

ఎండ రోజుకి కనీసం నాలుగైదు గంటలు నేరుగా తగలాలి. మీ బాల్కనీ ఏ దిక్కో రాయలేదు. ఉత్తరం అయితే మాత్రం కష్టమే, వీలైతే కుండీని డాబా మీదికి మార్చండి. నీడలో చావదు, పచ్చగానే ఉంటుంది, అందుకే చాలామందికి లోపం ఎక్కడుందో అర్థం కాదు.

ఇంకొకటి, దీన్ని జనం పట్టించుకోరు. ఈ మొక్క పూతకి రావాలంటే ముందు పొడుగు పగళ్లు, ఆ వెంట పొట్టి పగళ్లు కావాలని 1956లోనే పరిశోధన అచ్చయింది. వృక్షశాస్త్రం పుస్తకాల్లో ఈ తరహా మొక్కకి ఉదాహరణగా దీన్నే చెప్తారు. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబర్‌లో 11 గంటల చిల్లరకి దిగుతుంది. తేడా పెద్దగా లేకపోయినా, మా ఇంట్లో బరువైన పూత ఎప్పుడూ వానలు తగ్గాకే, దసరా నుంచి కార్తీకం దాకా వస్తుంది. కాబట్టి రాత్రంతా బాల్కనీలో లైటు వేసి ఉంచే అలవాటుంటే మానుకోండి. మా పక్కింటివాళ్లు డాబా మీద ఫ్లడ్ లైటు పెట్టిన ఏడాది ఆ వైపు కొమ్మలు ఒట్టిగా ఉండిపోయాయి. చెప్తే వాళ్లు దాని ముఖం అటు తిప్పారు, మరుసటి ఏడాదికి ఆ కొమ్మలూ పూశాయి.

కుండీ కూడా చిన్నదైంది. నేలలో పెడితే రెండు నిలువుల ఎత్తుకి పోయే పొద ఇది. పదహారు, పద్దెనిమిది అంగుళాల తొట్టిలోకి మార్చండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన ఎరువు ఒక పాలు, ఇసుకో కొబ్బరి పొట్టో ఒక పాలు. కత్తిరించిన రోజే మార్చొద్దు, చిగుళ్లు కనబడ్డాక మార్చండి. నీళ్ల విషయంలో వానాకాలం మట్టి పైన ఆరితేనే పోయాలి, ఎండాకాలం పొద్దున్నా సాయంత్రమూ పోయాలి. మే నెలలో మధ్యాహ్నానికి ఆకులు వాలిపోతాయి, సాయంత్రం నీళ్లు పడగానే లేస్తాయి.

పురుగుల్లో తెల్లదోమ, పిండినల్లి ఎక్కువ. వంకాయకీ టమాటాకీ పట్టేవే. అందుకే ఆ కుండీల పక్కన దీన్ని పెట్టకండి, ఒకదానినుంచి ఒకదానికి పాకుతాయి. ముందు నీళ్ల పైపుతో ఆకుల అడుగున గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేప నూనె, నూనె కలవడానికి నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, ఎండ దిగాక చల్లండి. వారం గడిచాక మళ్లీ ఒకసారి.

పాముల సంగతి. మొగలిపొద గురించి కూడా ఇదే మాట చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా. పాము పూల వాసన కోసం రాదండీ. ఎలకో కప్పో దొరికే చోటికి, చల్లగా నక్కడానికి వీలున్న చోటికి వస్తుంది. నేలలో ఏ పొదైనా మొదలంతా గుబురుగా, తడిగా, కింద ఇటుకలు, కర్రలు పడేసి ఉంటే రావచ్చు, అది గులాబీ అయినా సరే. నేను పెరట్లో దాని మొదట్లో రెండడుగుల ఎత్తు వరకు కొమ్మ ఉంచను, కింద ఊడ్చి పెడతాను. మీ మూడో అంతస్తు కుండీకి ఆ బాధ కూడా లేదు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది వాసనతోటి. చీకటి పడ్డాక మెల్లగా మొదలై, తొమ్మిది దాటాక వీధి చివరికి కొడుతుంది. రాత్రి తిరిగే చిమ్మట పురుగుల్ని పిలవడానికి అది చేసే ఏర్పాటు. మొక్కకి లోపలే ఒక గడియారం ఉందనీ, వెలుతురు మార్చకుండా ఉంచినా పూలు తమ వేళకే విచ్చుకుంటాయనీ 1960లో తేల్చారు. దూరం నుంచి గాలిలో తేలి వస్తే ఎంత హాయో, తలదగ్గర ఉంటే అంత తలనొప్పి, కొందరికి వికారం కూడా. మా మావయ్యగారికి ఉబ్బసం. ఆ నేలలోది ఒకప్పుడు సరిగ్గా ఆయన గది కిటికీ కింద ఉండేది. పూసిన రాత్రుల్లో ఆయన కిటికీ మూసుకుని, దగ్గుతూ, "అమ్మాయ్, దాన్ని కొట్టించేయ్" అనేవారు. అత్తయ్యకేమో ఆ వాసన ప్రాణం. చివరికి పొదను సగానికి కోయించి, వేర్లతో సహా తవ్వించి పెరటి చివర ప్రహరీ దగ్గర పాతించాం. దూరం ఓ ముప్పై అడుగులుంటుంది. ఇద్దరికీ సరిపోయింది. మీరు కూడా బెడ్రూమ్ బాల్కనీలో కాక హాలు వైపు పెట్టండి. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే మాత్రం ఫ్లాట్‌లో ఈ మొక్క వద్దనే నా సలహా. బదులుగా ఇండిపెండెంట్ ఇంట్లో చోటున్న చుట్టాలెవరికైనా ఇచ్చేసి పారిజాతం పెట్టుకోవచ్చు. అదీ రాత్రే పూస్తుంది, వాసన మెత్తన, తెల్లారేసరికి రాలిన పూలు పూజకి పనికొస్తాయి, పైగా అది నిజంగానే మల్లె కుటుంబంది. రేరాణి పూలు తలలో పెట్టుకోవడానికీ దండకీ పనికిరావు, పగలు ముడుచుకుని ఉంటాయి. ఒక్క వాసన కోసమే దీన్ని పెంచడం.

పాప, పిల్లి ఉన్నాయన్నారు కాబట్టి ఇది తప్పకుండా చదవండి. మొక్క మొత్తం విషమే, ముఖ్యంగా కాయలు. పూత అయ్యాక ముత్యాల్లా చిన్న తెల్లటి కాయలు వస్తాయి, పిల్లల చేతికి అందంగా కనబడతాయి. నేను చెప్పినట్టు వాడిన గుత్తుల్ని కత్తిరించేస్తే కాయ కట్టే అవకాశమే ఉండదు. ఇంకో లాభం, ఆ కాయల్ని పక్షులు తిని విత్తనాలు ఎక్కడెక్కడో వేస్తాయి. హవాయి, న్యూజిలాండ్ లాంటి చోట్ల ఇది అలాగే అడవుల్లోకి పాకి కలుపు మొక్కై కూర్చుంది.

ఇప్పుడు మీరు కోసే కొమ్మల్లో పెన్సిలంత లావున్నవి ఓ ఐదారు తీసి, జానెడు ముక్కలు చేసి, కింది ఆకులు తుంచి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టండి. ఈ వానల్లో నెల తిరిగేలోపు వేళ్లు పోసుకుంటాయి, మొక్కలు కావాలన్నవాళ్లకి ఇవ్వొచ్చు. మిగతా కొమ్మల్ని మాత్రం కిందికి విసిరేయకండి, వీధిలో ఆవులూ మేకలూ తింటాయి. కవర్లో మూట కట్టి చెత్త బండిలో వేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఏ దిక్కు బాల్కనీయో చెప్తే కుండీ ఎక్కడ పెట్టాలో ఇంకొంచెం వివరంగా రాస్తాను.