చట్టం-సందేహం: పిల్లల ఫొటోతో బెదిరింపు

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. బడి ఫొటోలో ఉన్న తన ముఖాన్ని ఎవరిదో నగ్న శరీరానికి అతికించి, డబ్బు పంపకపోతే అందరికీ పెడతానని ఒకడు ఇన్‌స్టాగ్రామ్‌లో బెదిరిస్తున్నాడు. వాడిది ఆంధ్రలోని పాతపట్నం వైపని తెలిసింది. ఇక్కడి పోలీసులు కేసు తీసుకుంటారా? మాకు ఒడియా చదవడం రాదు. ఫొటో అసలుది కాదు కదా, కేసు నిలుస్తుందా?
- ఒక తల్లి, పర్లాకిమిడి (ఒడిశా)

జవాబు: నిలుస్తుందమ్మా. అతికించినదైనా, కంప్యూటర్లో తయారుచేసినదైనా, చూస్తే పిల్లల బొమ్మలా ఉంటే చాలని పోక్సో చట్టానికి (పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే చట్టం) 2019లో వచ్చిన సవరణ చెబుతోంది. లైంగిక ఉద్దేశంతో అలాంటిది బయట పెడతానని బెదిరించడమే 11వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. తయారు చేసినందుకు, పంచినందుకు ఐటీ చట్టం 67బి ఉంది: మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. డబ్బు అడిగాడు గనుక బలవంతపు వసూలు సెక్షన్ కూడా పెట్టమనండి. ఒక్క రూపాయి కూడా పంపకండి, పంపితే మళ్లీ అడుగుతాడు.

ఫిర్యాదుకు పాతపట్నం దాకా వెళ్లక్కర్లేదు. నేరం ఎక్కడ జరిగినా దగ్గరి స్టేషన్లో జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి. రాసింది మీకు చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. పాప చెప్పేది తనకు రాని భాషలో రాస్తుంటే అనువాదకుణ్ని పెట్టాలని పోక్సో 19వ సెక్షన్ చెబుతోంది, గట్టిగా అడగండి. ఒకచోట మాత్రం కన్నేసి ఉంచండి. వాడి ఖాతా పేరును ఒడియా లిపిలో రాస్తే చుక్కలు, అడ్డగీతలు పోతాయి, ఒక్క గుర్తు మారినా అది వేరే వాడి ఖాతా. ఇంగ్లిషు అక్షరాల్లోనే, ప్రొఫైల్ లింకుతో సహా రాయించండి. పాప వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు. వీలైనంతవరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం ఉండకూడదు. రాత్రి పూట పాపను స్టేషన్లో ఉంచకూడదు.

వాడిని బ్లాక్ చేసే ముందు బెదిరింపు మాటలు, ఖాతా పేరు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. చాట్ చెరపకండి, ఫోన్ రీసెట్ చేయకండి. ఆ బొమ్మకు మాత్రం కొత్త కాపీలు వద్దు. ఎక్కువ ఇళ్లలో పొరపాటు ఇక్కడే జరుగుతుంది: 'చూడండి ఏం చేశాడో' అని మేనమామకో పెద్దనాన్నకో పంపిస్తారు, సాయంత్రానికి అది ఊరంతా తిరుగుతుంది. పోలీసులకు ఫోనే చూపించండి. పిల్లను తిట్టకండి, ఫోన్ లాక్కోకండి. తప్పు తనది కాదు, భయపడి దాచేస్తే ఆధారం కూడా పోతుంది. రాత్రయినా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: పాడైన ఫోన్లోంచి డేటా మారుస్తుంటే చిన్నపిల్లల అశ్లీల వీడియో కనిపించింది. కస్టమరు తెలిసినవాడే. చెరిపేసి ఊరుకోవచ్చా?
- మొబైల్ రిపేరు దుకాణం, రాయగడ

జవాబు: ఊరుకోకూడదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం గురించి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. సద్భావంతో చెప్పినవారిపై కేసు పెట్టడానికి వీల్లేదు.

కాపీ అక్కడే ఆపండి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవద్దు, ఎవరికీ చూపవద్దు, కస్టమరుకు ముందుగా ఫోన్ చేయవద్దు. దుకాణం కంప్యూటర్లోకి అప్పటికే కొంత వచ్చి ఉంటే అదీ పోలీసులకు చెప్పండి. ఏ ఫోన్లో కనిపించింది, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అన్నది రసీదుతో సహా రాసివ్వండి. నేరుగా వెళ్లడం ఇబ్బందైతే సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వవచ్చు.

'పంపలేదు కదా, ఉంచుకుంటే ఏం?' అని అడిగేవారున్నారు. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. పంచే ఉద్దేశంతో చెరపకుండా, ఫిర్యాదు చేయకుండా ఉంచుకున్నా 15వ సెక్షన్ కింద నేరమే. నిజంగా ఎవరికైనా పంపి ఉండాలన్న నియమం లేదు.