సూదితో బెదిరించకు బిడ్డా

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి పాపకు టైప్ వన్ షుగర్ జబ్బు వచ్చిన సంగతి చెప్పింది. ఆరేళ్ళ పిల్లకు ఇదంతా ఎట్లా చెప్పాలి పెద్దమ్మా అని నువ్వు అడిగావు కదా. డోసుల లెక్కలు మీ డాక్టర్ చూసుకుంటారు, వాటిలో నేను వేలు పెట్టను. మా చిన్నోణ్ణి ఐదేళ్ళప్పటి నుంచి ఈ టైప్ వన్‌తోనే పెంచినదాన్ని కాబట్టి, పిల్లతో ఎట్లా మాట్లాడాలో మాత్రం రాస్తాను.

ముందు ఇంట్లో ఒక మాట ఆపించు. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని మన దగ్గర అందరూ అనేదే, కానీ రోజుకు మూడు నాలుగు సూదులు వేయించుకునే పిల్ల ముందు అది అనకూడదు. ఈ వయసులో పిల్లలు జబ్బును తాము చేసిన తప్పుకు శిక్ష అనుకుంటారు, దొంగతనంగా చాక్లెట్ తిన్నందుకే వచ్చిందేమో అని లోపల్లోపల బాధపడతారు కానీ బయటికి చెప్పరు. పాప అడగకపోయినా నువ్వే చెప్పు, మళ్ళీ మళ్ళీ చెప్పు: స్వీట్లు తిన్నందుకు రాలేదు, నీ తప్పు లేదు, మా తప్పు లేదు, ఇది ఎవరికీ అంటుకోదు, తమ్ముడికి ముద్దు పెట్టొచ్చు. అదంతా నిజమే కదా. రోగాలతో కొట్లాడాల్సిన కణాలే దారి తప్పి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తే వచ్చేది ఇది. మీ మామయ్యకు యాభై దాటాక వచ్చిన షుగర్ వేరు.

మా వాడికి నేను ఆర్టీసీ బస్సుతో చెప్పేదాన్ని. అన్నం తింటే చక్కెర రక్తం అనే బస్సెక్కుతుంది, కాళ్ళ దగ్గర, చేతుల దగ్గర దిగాలి, కండక్టర్ తలుపు తీస్తేనే దిగుతుంది, ఆ కండక్టరే ఇన్సులిన్, నీ ఒంట్లో కండక్టర్లు లేరు కాబట్టి మనం సూదితో పంపిస్తున్నాం అని. కండక్టర్ రాకపోతే బస్సు కిక్కిరిసిపోతుంది, అప్పుడే దాహం, మాటిమాటికీ ఒంటికి వెళ్ళడం. వాడికి షుగర్ పడిపోయినప్పుడు "అమ్మా, బస్సుల ఎవ్వరూ లేరు" అనేవాడు. నవ్వొచ్చినా అది చాలా పనికొచ్చింది, ఎందుకంటే వణుకు, చెమట, ఉన్నట్టుండి చిరాకు వస్తే అది ఏమిటో చెప్పడానికి చిన్నపిల్లల దగ్గర మాట ఉండదు. మీ పాపకు కూడా ఒక మాట వెతుక్కోండి, అది టీచర్‌కూ, నాయనమ్మకూ తెలియాలి. మీటర్‌లో షుగర్ 70 కంటే తక్కువుంటే గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి మీ డాక్టర్ చెప్పినంత ఇచ్చి పావుగంటకు మళ్ళీ చూడాలి. లడ్డూ, చాక్లెట్ కాదు, వాటిలో కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, పడిపోయిన షుగర్‌ను పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉంటే వేసి 108కి ఫోన్ చేయాలి. ఇది ఇంట్లో ముసలివాళ్ళతో సహా అందరికీ నోటికి రావాలి.

ఇక సూది. నొప్పి ఉండదని అబద్ధం చెప్పకు. చురుక్కుమంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది అను. "వేసుకుందామా?" అని కూడా అడగకు, వద్దంటే ఏం చేస్తావు? "ఇవాళ కుడి తొడా, ఎడమ తొడా?" అని అడుగు. వేయడం తప్పదు, ఎక్కడన్నది దాని ఇష్టం. ఒకే చోట పొడిస్తే గడ్డలు కట్టి మందు సరిగ్గా ఎక్కదు కాబట్టి చోటు ఎట్లాగూ మార్చాలి. వేలు కూడా తననే చూపించమను, కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. సూది లేని సిరంజి ఒకటి బొమ్మలాటకు ఇవ్వు, బొమ్మను ఎట్లా గదమాయిస్తుందో విను, మనం దాన్ని ఏమంటున్నామో తెలిసిపోతుంది.

మీటర్‌లో 280 వస్తే పాప నీ మొహమే చూస్తుంది. "ఏం తిన్నావే?" అని అరిచావనుకో, నాలుగేళ్ళు పోతే నంబర్లు దాచడం నేర్చుకుంటుంది. జ్వరానికి పెరుగుతుంది, టెన్షన్‌కు పెరుగుతుంది, ఒక్కోసారి కారణమే దొరకదు. "ఎక్కువుంది, సరే" అని చేయాల్సింది చెయ్యి.

బతుకమ్మకు అందరూ మలీద ముద్దలు తింటుంటే పిల్లను మాత్రం దూరం పెట్టకు. చిన్న ముద్ద, భోజనంతో పాటు, దానికి తగ్గ ఇన్సులిన్‌తో పెట్టొచ్చేమో డాక్టర్‌ను ముందే అడుగు. బెల్లమైతే ఏం కాదు అంటారు, నమ్మకు, మేడారం జాతరలో బంగారమని పిలిచే బెల్లమైనా షుగర్ పెంచుతుంది. అసలు జాగ్రత్త ఆట తర్వాత. పొద్దుపోయేదాకా బతుకమ్మ ఆడిన పిల్లకు అర్ధరాత్రి షుగర్ పడిపోవచ్చు, పడుకునే ముందు చూడు, రాత్రి మళ్ళీ ఒకసారి చూడు.

నాకు కోపమొచ్చేది పరామర్శల దగ్గర. "గింత పిల్లకు షుగరా, ఆడపిల్లాయె, రేపు పెండ్లి ఎట్ల?" అని పిల్ల ముందే అంటారు. అట్లాంటి వాళ్ళను అరుగు మీదే మాట్లాడి పంపించు, మర్యాద తక్కువైనా ఫర్వాలేదు. పసరు మందు చెప్పేవాళ్ళూ వస్తారు. మొదట్లో చాలామంది పిల్లలకు కొన్ని నెలలు ఇన్సులిన్ అవసరం బాగా తగ్గుతుంది, అప్పుడే ఎవరిదో పసరు పడితే తగ్గింది దానివల్లే అనుకుంటారు. ఇన్సులిన్ ఆపితే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వచ్చి కొన్ని రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. జ్వరమొచ్చి తినకపోయినా పూర్తిగా ఆపొద్దు, డాక్టర్‌కు ఫోన్ చెయ్యి.

ఎప్పుడు పోతుందమ్మా అని అడిగితే, పోయే మందు ఇంకా రాలేదు, ఉన్న మందుతో పెద్దదానివవుతావు అని చెప్పు. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ళ పిల్లాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు, అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు బతికేవాళ్ళు కాదు. ఇన్సులిన్‌ను కనిపెట్టిన వాళ్ళలో ఒకరైన డాక్టర్ బాంటింగ్ పుట్టినరోజు నవంబర్ 14, మన బాలల దినోత్సవం రోజే. ఈ మాట మా వాడికి తెగ నచ్చింది.

బడిలో టీచర్‌కు కాగితం మీద రాసివ్వు: గ్లూకోజ్ ఎక్కడుంది, ఎప్పుడివ్వాలి, షుగర్ పడిపోతే ఒంటరిగా ఎక్కడికీ పంపొద్దు, ఒంటికి అడిగితే ఆపొద్దు. వాళ్ళు గునిస్తే, ఈ పిల్లలకు క్లాసులో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, తినడానికి వీలివ్వాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసిందని చెప్పు.

ఆదివారం పాపను తీసుకుని హన్మకొండ రా. చిన్నోడు ఇంట్లోనే ఉంటాడు, చేతికున్న షుగర్ చూసే సెన్సర్ చూపిస్తానంటున్నాడు. వాళ్ళిద్దరినీ మాట్లాడుకోనిద్దాం, మనం మధ్యలో దూరొద్దు.

మీ పెద్దమ్మ