టర్కీ కీమా, బ్రోకలీ: కుక్కర్‌లో మాత్రం పెట్టకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: అమెరికాకు కొత్తగా వచ్చారు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, ఇల్లు చేరేసరికి ఆరున్నర అవుతోంది, డాక్టరు బరువు తగ్గమన్నారు. దుకాణంలో టర్కీ కోడి కీమా, బ్రోకలీ ఎప్పుడూ కనిపిస్తున్నాయి. వాటితో మన నోటికి రుచించే రాత్రి భోజనం అరగంటలో వండే దారి ఉందా అని అడిగారు. ఉంది. కాకపోతే ఆ దారి దొరికేలోపు నేను చాలా పారబోశాను.

మేము డాలస్ దగ్గర ఉంటాం. మా ఆవిడ ఫార్మసిస్టు. మంగళ, బుధ, గురువారాలు ఆమెకు సాయంత్రం డ్యూటీ. కాబట్టి నాలుగేళ్లుగా ఆ మూడు రాత్రులూ వంట నాదే. అంతకు ముందు నాకు వచ్చింది పెసరట్టు ఒక్కటే, అదీ గుండ్రంగా కాదు. ఆ రోజుల్లోనే రక్తపరీక్షలో నా ఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే అంకె, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. అంటే గుమ్మంలో నిలబడి ఉన్నానన్నమాట. ఆ భయంతో మేకమాంసం తగ్గించి టర్కీ కీమా ఇంటికి తెచ్చాను.

మొదటిసారి దాన్ని మేక కీమా వండినట్టే వండాను. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, టమాటా వేయించి, కీమా వేసి, ఎలాగూ ఉడకాలి కదా అని బ్రోకలీ కూడా పడేసి కుక్కర్‌లో మూడు కూతలు రానిచ్చాను. మూత తీస్తే అడుగున ఇసుకలాంటి కీమా, పైన పాచిరంగు ముద్ద. ఇల్లంతా ఒకటే వాసన. మా అమ్మాయి ఏమీ అనకుండా వెళ్లి కిటికీ తెరిచింది. అప్పుడు దానికి ఆరేళ్లు.

తప్పు టర్కీది కాదు, కుక్కర్‌ది. మేకమాంసంలో సాగే నారలు ఎక్కువ కాబట్టి కీమా చేసినా నిదానంగా ఉడికితేనే మెత్తబడుతుంది. టర్కీ కీమాకు ఆ అవసరం లేదు. వేడి బాండలిలో ఎనిమిది పది నిమిషాలకే ఉడికిపోతుంది, ఆ తర్వాత ప్రతి నిమిషమూ దాన్ని ఎండబెట్టడమే. బ్రోకలీది ఇంకా సున్నితం. అది క్యాబేజీ, కాలీఫ్లవర్‌లకు సొంత తోబుట్టువు. వృక్షశాస్త్రం ప్రకారం మూడూ ఒకే జాతి. ఎక్కువసేపు ఉడికితే అందులోని గంధకం వాసన బయటపడుతుంది. మా అమ్మాయి కిటికీ తెరిచింది అందుకే.

కొనేటప్పుడు ప్యాకెట్ మీది అంకెలు చూడండి. 99, 93, 85 అని ఉంటాయి, అంటే నూటికి అన్ని వంతులు కొవ్వు లేని మాంసమన్నమాట. మిగతాది కొవ్వు. సాధారణంగా ప్యాకెట్ ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాములు. 93 ప్యాకెట్‌లో మొత్తం కొవ్వు 32 గ్రాముల దాకా ఉంటుంది, 85 దాంట్లో అంతకు రెట్టింపు పైనే. ఆరోగ్యం కదా అని నేను మొదట్లో 99 తెచ్చేవాణ్ణి. అది ఉత్త రొమ్ము మాంసం, వండితే రంపపు పొట్టు. దాన్ని మింగుడుపడేలా చేయడానికి నాలుగు గరిటెల నూనె పోసేవాణ్ణి. ఒకరోజు లెక్క వేసుకుంటే నవ్వు వచ్చింది. రెండు పెద్ద చెంచాల నూనెలోనే దాదాపు 28 గ్రాముల కొవ్వు. అంటే ప్యాకెట్‌లో తీసేసిన కొవ్వును నేనే సీసాలోంచి మళ్లీ పోస్తున్నాను. అప్పటి నుంచి 93 మాత్రమే తెస్తున్నాను, నూనె రెండు చిన్న చెంచాలు దాటనివ్వను. తొడ మాంసం కూడా కలిసి ఉంటుంది కాబట్టి రుచీ నయం.

ఇంకో మాట. మన ఊళ్లో కీమా కడుగుతాం. ఇక్కడ కడగకండి. జల్లెడలో వేసి కడిగితే సగం నీళ్లలో పోతుంది, మిగిలింది నీళ్లు పీల్చుకుంటుంది, సింకు చుట్టూ క్రిములు చిందుతాయి. చంపాల్సింది వేడి. లోపలి వేడి 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ చేరాలి. రంగు చూసి నమ్మవద్దు, వంట థర్మామీటరు ఒకటి కొనుక్కోండి.

ఇక మంగళవారం వంట. వెడల్పాటి ఇనుప బాండలి ఉంటే అదే తీయండి. ముందు బ్రోకలీ. పువ్వులను బొటనవేలంత ముక్కలుగా, ఒక వైపు చదునుగా ఉండేలా కోయండి. కాడ పారేయకండి, పైతోలు చెక్కితే లోపల లేత ముల్లంగిలా ఉంటుంది. దాన్ని పలుచని బిళ్లలుగా తరగండి. బాండలి బాగా కాగాక ఒక చిన్న చెంచా నూనె వేసి, చదును వైపు కిందికి ఉండేలా ముక్కలు పరిచి, రెండు మూడు నిమిషాలు కదపకుండా వదిలేయండి. గోధుమరంగు మచ్చలు పడగానే రెండు చెంచాల నీళ్లు చిలకరించి ఒక్క నిమిషం మూత పెట్టి, తీసి పళ్లెంలో ఆరబోయండి. పచ్చగా, పంటి కింద కరకరలాడుతూ ఉండాలి. నీళ్లలో ఉడకబెట్టి వార్చేస్తే సి విటమిన్‌లో చాలా భాగం సింకులోకి పోతుంది.

అదే బాండలిలో మిగిలిన చెంచా నూనె వేసి కీమాను ఒక అట్టులాగా పరిచి ఒత్తండి. గరిటె పక్కన పెట్టేయండి. ఇదే కష్టమైన పని, మన చేయి ఊరుకోదు. కానీ మొదటి నిమిషం నుంచీ కలుపుతూ ఉంటే నీరు ఊరి అందులోనే ఉడుకుతుంది, వేగదు. మూడు నాలుగు నిమిషాలకు అడుగు ఎర్రబడ్డాక తిప్పి, అప్పుడు విడగొట్టండి. ఒక పక్కకు జరిపి సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయించండి. పసుపు, ధనియాల పొడి, కాస్త ఎక్కువగా మిరియాల పొడి. టర్కీకి ఒక నీచు ఉంటుంది, దాన్ని అణిచేది మిరియమే, గరం మసాలా కాదు. ఉప్పు చివరలో వేయండి. పచ్చి కీమాకు ఉప్పు పట్టించి ఉంచితే మాంసం జిగురెక్కి ముద్ద కడుతుంది, పొడిపొడిగా రాదు. చివరగా బ్రోకలీ కలిపి, ఒక్క నిమిషం తిప్పి దించేయండి. నిమ్మరసం కంచంలో పిండుకోండి. బాండలిలో పిండితే పులుపు తగిలి బ్రోకలీ పచ్చదనం పోయి పాచిరంగుకు తిరుగుతుంది. బ్రోకలీని టమాటాతో ఉడికించవద్దని చెప్పేదీ అందుకే.

మొత్తం పాతిక నిమిషాలు. మొదటిసారి నలభై పడుతుంది, కంగారు పడకండి.

బుధవారం వంట నాది కాదు, మా అత్తగారిది. ఆవిడది అమలాపురం వైపు. రెండేళ్ల క్రితం ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. మొదటి రోజు నా కూర నోట్లో పెట్టుకుని, చాలా మర్యాదగా, “కోడి రుచీ లేదు, మేక రుచీ లేదు, అయినా బాగానే ఉంది బాబూ” అన్నారు. రెండో వారం నేను ఫ్రీజర్‌లోంచి బ్రోకలీ తీస్తుంటే చూసి, “మా వైపు పనసపొట్టుకు ఆవ పెడతాం కదా, దీనికీ పెట్టి చూద్దాం” అన్నారు. ఒక చిన్న చెంచా ఆవాలు, నానబెట్టిన రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు, చన్నీళ్లు పోసి మెత్తగా నూరి పది నిమిషాలు పక్కన పెట్టారు. బ్రోకలీ కూర దించి కాస్త ఆరాక ఆ ముద్ద కలిపారు. ఆ రాత్రి కీమా పక్కవాయిద్యం అయిపోయింది.

దీని వెనుక ఉన్న సంగతి తర్వాత చదివాను. బ్రోకలీ గురించి ఆరోగ్యం పేజీల్లో గొప్పగా రాసే పదార్థం సల్ఫోరాఫేన్. అది పచ్చి బ్రోకలీలో నేరుగా ఉండదు. ముక్క కోసినప్పుడు, నమిలినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేసి దాన్ని పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. ఫ్రీజర్ బ్రోకలీని గడ్డకట్టించే ముందే వేడినీళ్లలో ముంచి తీస్తారు కాబట్టి ప్యాకెట్ విప్పకముందే అది దాదాపు పోయి ఉంటుంది. ఆవాలు కూడా అదే కుటుంబం మొక్క, వాటిలోనూ అదే ఎంజైము ఉంటుంది. నూరినప్పుడు ముక్కుకు ఎక్కే ఘాటు దాని పనే. ఉడికిన బ్రోకలీకి పచ్చి ఆవపిండి కలిపితే పోయిన ఎంజైము తిరిగి అందుతుంది. అందుకే ఆవను చన్నీళ్లతో నూరాలి, దించాకే కలపాలి. వేడినీళ్లు పోసినా, పొయ్యి మీద కలిపినా ఘాటు పుట్టదు, చేదు మాత్రం మిగులుతుంది. తాజా బ్రోకలీ అయితే ఇంటికి రాగానే కోసి పెట్టి, స్నానం, కాఫీ ముగించుకుని ఓ నలభై నిమిషాల తర్వాత వండండి. ఆలోపు ఎంజైము తన పని తాను చేసుకుంటుంది. ఇదంతా చదివి మన పెద్దలకు సైన్సు ముందే తెలుసని వాట్సాప్‌లో పంపడానికి సిద్ధపడకండి. మా అత్తగారు ఆవ పెట్టింది రుచి కోసమే. నేను ఈ సంగతి చెబితే, “అలాగా” అని టీవీ వైపు తిరిగారు.

గురువారం నాకు ఓపిక ఉండదు, ఓవెన్‌కే వదిలేస్తాను. పౌండు కీమాకు రెండు గుప్పిళ్ల పుట్నాలపప్పు పొడి, తురిమిన బ్రోకలీ కాడ, పచ్చిమిర్చి, కొత్తిమీర, అల్లం వెల్లుల్లి, గరం మసాలా. ఇక్కడ ఉప్పు ముందే వేసి బాగా పిసకండి. మంగళవారం వద్దన్న జిగురే ఇప్పుడు కావాలి, లేకపోతే ఉండలు విచ్చిపోతాయి. కాడ తురుము తేమ పట్టి ఉంచుతుంది. నిమ్మకాయంత ఉండలు చేసి, బ్రోకలీ ముక్కలకు కొద్దిగా నూనె రాసి, రెండూ ఒకే ట్రేలో పరిచి 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. ఉండల మధ్యలో థర్మామీటరు గుచ్చి 165 చూశాకే తీయండి. కడగాల్సింది ట్రే ఒక్కటే. మా అమ్మాయి ఇప్పుడు ఆ అంచులు మాడిన పువ్వులను ఉండల కంటే ముందు తినేస్తుంది.

గోంగూర కీమా కూడా చేయవచ్చు, బాగుంటుంది. కానీ అందులో బ్రోకలీ కలపవద్దు, పక్కన పెట్టుకోండి.

అన్నం గురించి చెప్పకపోతే మోసం చేసినట్టే. ఈ కూరలు కలుపుకుని మూడు కప్పుల అన్నం తింటే నా ఏ1సీ అక్కడే ఉండేది. వండిన అన్నం కప్పుకు సుమారు 45 గ్రాముల పిండిపదార్థం. తరిగిన బ్రోకలీ కప్పుకు ఆరు. నేను అన్నం ఒక కప్పుకు తగ్గించి, బ్రోకలీ రెండు కప్పులకు పెంచాను. మొదటి నెల ప్రతి రాత్రీ పెరుగన్నం కలలోకి వచ్చింది. ఏడాదికి 5.6 అయింది. సాయంత్రం నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి ఘనతంతా టర్కీదే అని చెప్పను.

నిల్వ విషయం: పచ్చి కీమా ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి ఉంచకండి. ఆదివారం మూడు ప్యాకెట్లు తెస్తే, విడివిడిగా జిప్ సంచుల్లో వేసి అరచేతితో పలుచగా అదిమి ఫ్రీజర్‌లో పెట్టండి. మూడు నాలుగు నెలలు నిక్షేపంగా ఉంటుంది. పలుచగా ఉంటే రాత్రి ఫ్రిజ్ అరలోకి మార్చినది మర్నాటి సాయంత్రానికి పూర్తిగా కరుగుతుంది. ముద్దగా పెడితే మధ్యలో రాయి మిగులుతుంది.

వండినది మూడు నాలుగు రోజులు ఆగుతుంది. కానీ బ్రోకలీ కలిపిన డబ్బాను ఆఫీసు మైక్రోవేవ్‌లో వేడి చేయకండి. ఒకసారి చేశాను, తర్వాత వారమంతా భోజనాల గదిలో నా బల్ల దగ్గర ఖాళీ ఎక్కువగా ఉండేది. మిగిలిన మంగళవారం కీమాలోంచి బ్రోకలీ ఏరి అక్కడికక్కడే తినేసి, కీమాను మాత్రం దాచి శనివారం పొద్దున పెసరట్టు మీద చల్లుకోండి. మా ఇంట్లో ఆ పెసరట్టు ఇప్పటికీ నేనే వేస్తాను, ఇప్పటికీ గుండ్రంగా రాదు.