ఇంటెలే ఆపేసిన మెమరీ మీద మా అమ్మాయి రీసెర్చ్ చేస్తానంటోంది

ప్రశ్న: మాది నెల్లూరు. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మాయి ఈసీఈ మూడో ఏడాది. ప్లేస్‌మెంట్స్ వద్దు, ఫేజ్ చేంజ్ మెమరీ మీద రీసెర్చ్ చేస్తానంటోంది. ఇంటెల్ అంతటి కంపెనీయే ఆ రకం మెమరీని, ఆప్టేన్ పేరుతో అమ్మేదాన్ని, ఆపేసిందట కదా, ఒకటే టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: నిజమేనండీ, 2022లో ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అయితే ఈ రకం మెమరీని ఎస్‌టీ మైక్రో అనే చిప్‌ల కంపెనీ కార్ల చిప్‌లలో పెడుతోంది. ఆగింది ఒక సరుకు మాత్రమే.

అమ్మాయి మనసు పడింది దేనిమీదో చూడండి. చక్కెర పాకాన్ని గబుక్కున చల్లారిస్తే గాజులా బిగుసుకుంటుంది, నిదానంగా చల్లారనిస్తే పలుకు కడుతుంది. ఈ మెమరీలో వాడే, జెర్మేనియం, ఆంటిమొని, టెల్లూరియం కలిపిన పదార్థమూ అంతే. గాజుగా ఉంటే కరెంటుకు అడ్డు ఎక్కువ, పలుకుగా ఉంటే తక్కువ. అవే 0, 1. కొంత గాజు, కొంత పలుకుగా ఆపగలిగితే మధ్య మెట్లు వస్తాయి. నాలుగు మెట్లయితే ఒక్క సెల్‌లో, అంటే మెమరీలోని ఒక్క గదిలో, రెండు బిట్లు, ఎనిమిదైతే మూడు. ఆ మూడు బిట్లనూ 2016లో జ్యూరిక్ ఐబీఎం ల్యాబ్ చేసి చూపింది. చిక్కల్లా, రాసేశాక కూడా గాజు భాగం నిరోధం మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. దాంతో మెట్టుకీ మెట్టుకీ తేడా చెరిగిపోతుంది. రీసెర్చ్ చేసేవాళ్లకి కావలసింది ఇలాంటి చిక్కే!

ఇంకో సంగతి, ఈ పని మీరుంటున్న బెంగళూరులోనే జరుగుతోంది. ఇండియం సెలెనైడ్ అనే ఇలాంటి పదార్థాన్ని కరిగించకుండానే, అతి తక్కువ కరెంటుతో గాజుగా మార్చవచ్చని 2024లో తేల్చిన అమెరికా బృందాలతో ఐఐఎస్‌సీ వాళ్లూ ఉన్నారు. మారతహళ్లి నుంచి అక్కడికి వెళ్లడానికి ట్రాఫిక్ ఒక్కటే అడ్డం.

ఉద్యోగాల మాట దాచను. బెంగళూరు చిప్ కొలువుల్లో ఎక్కువ భాగం డిజైన్, వెరిఫికేషన్. పదార్థాల పనికి పీహెచ్‌డీ కావాలి, అంటే ఇంచుమించు ఐదేళ్లు స్టైపెండ్ మీద బతకాలి. అందుకే ప్లేస్‌మెంట్స్ వద్దనడం నాకు నచ్చలేదు, రాయమనండి. గేట్ ఈసీ పేపర్ కూడా రాయమనండి, ఎంటెక్‌కి పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు ల్యాబ్ చూడాలి. బయటి విద్యార్థులకి నానో ల్యాబుల్లో శిక్షణ ఇచ్చే ఐఎన్‌యూపీ అనే ప్రభుత్వ పథకం ఉంది, ఐఐఎస్‌సీలోనూ నడుస్తుంది. తల నుంచి కాలిదాకా తొడుగు వేసుకుని, రోజంతా ఒకే సెల్‌ని కొలిచాక కూడా ఇదే కావాలంటే ఇక అడ్డుపడకండి.

ఈలోగా, ఇంటెల్ ఎందుకు ఆపేసిందని అమ్మాయినే అడిగి చూడండి. ధర గురించి, కొనేవాళ్ల గురించి తడుముకోకుండా చెప్పిందంటే, మీకు వచ్చిన సందేహం తనకి ముందే వచ్చిందన్నమాట.