ఆ 2000 అనే అంకె కొట్టెయ్యి చెల్లెమ్మా

చెల్లెమ్మా,

నీ వ్యాసం నిన్న సాయంత్రం చదివాను, ఇవాళ పొద్దున్నే మళ్లీ చదివాను. ఆఫ్రికా భాషల గురించి తెలుగులో ఇంత శ్రద్ధగా రాయాలనుకున్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు మొదటి వాక్యం. "ఆఫ్రికాలో 2000కు పైగా భాషలున్నాయి" అని ఎత్తుకున్నావు. అంకె తప్పు కాదు. ప్రపంచంలో ఉన్న సుమారు 7000 భాషల్లో దాదాపు మూడోవంతు ఆ ఖండానివే. ఒక్క నైజీరియాలోనే 500 దాటతాయి. కానీ ఆ అంకె చదివిన పాఠకుడు "అమ్మో!" అనుకుంటాడు, అక్కడే ఆగిపోతాడు. నువ్వూ అక్కడే ఆగిపోయావు. రెండో పేరాకే "ఒకరి మాట ఒకరికి అందని భాషల అడవి" అనేశావు. అక్కడ జనం ఒకరి మాట ఒకరికి అందక దిక్కులు చూస్తూ కూర్చోలేదమ్మా. చాలాచోట్ల ఒక్కో మనిషి మూడు నాలుగు భాషలు వెంటేసుకుని తిరుగుతుంటాడు. నీ వ్యాసం ఆ మనిషి దగ్గర మొదలవ్వాలి.

పైగా, భాషలు అంత తేలిగ్గా లెక్కకు దొరకవు. ఇక్కడ ఒక భాష అయిపోయింది, ఇక్కణ్నుంచి ఇంకోటి మొదలు అని గీతలు గీసింది చాలాచోట్ల మిషనరీలూ వలస ప్రభుత్వాలూనే. ఇప్పటి జింబాబ్వేలో ఒక్కో మిషన్ తన చుట్టుపక్కల మాండలికాన్ని పట్టుకుని దానికి తన రాత తాను పెట్టుకుంది. 1931లో క్లెమెంట్ డోక్ అనే భాషావేత్త వీటన్నిటికీ కలిపి ఒకే రాతభాష ఉండాలని నివేదిక ఇచ్చాడు. ఇవాళ మనం షోనా అంటున్న రాతభాష ఆ దారిలో కుదురుకున్నదే. నిన్న ఎలా మాట్లాడారో మర్నాడూ అలాగే మాట్లాడారు ఆ ఊళ్లవాళ్లు. మారింది లెక్క ఒక్కటే.

నేను టాంజానియాలోని దారెస్సలాంలో కొన్నేళ్లు సైన్సు చెప్పానని నీకు తెలుసు. రోజూ డలాడలాలో బడికి వెళ్లేవాణ్ని. డలాడలా అంటే అక్కడి మినీబస్సు. అందులో కండక్టరు కుర్రాడొకడు తలుపు పట్టుకుని వేలాడుతూ స్టాపుల పేర్లు స్వాహిలిలో అరిచేవాడు. నన్ను చూస్తే ఇంగ్లీషులో "గుడ్ మార్నింగ్ టీచర్" అనేవాడు. టోపీ పెట్టుకున్న పెద్దాయన ఎక్కితే అరబ్బీలో సలాం చెప్పేవాడు. ఒకరోజు ఫోను మోగింది. అంతసేపూ అరుస్తున్న గొంతు ఒక్కసారి తగ్గిపోయింది, మాట మారిపోయింది. విక్టోరియా సరస్సు దగ్గరి ఊళ్లో ఉన్న వాళ్లమ్మతో సుకుమా మాట్లాడుతున్నాడు. ఫోను పెట్టేశాక అడిగాను, నీకెన్ని భాషలొచ్చని. కాస్త ఆలోచించి, "స్వాహిలి. ఇంగ్లీషు కొంచెం" అన్నాడు. మరి ఇప్పుడు మీ అమ్మతో మాట్లాడింది ఏమిటన్నాను. "అది కిలుఘా" అన్నాడు.

లుఘా అంటే స్వాహిలిలో భాష. దాని ముందు 'కి' చేర్చితే కిలుఘా, చిన్న భాష అన్నట్టు. ఊళ్ల భాషలను అలాగే అంటుంటారు. అమ్మతో మాట్లాడే భాష వాడి లెక్కలోకే రాలేదు. చెల్లెమ్మా, నీ ఆరు పేజీల వ్యాసంలో ఎక్కడా దొరకనిది నాకు ఆ ఒక్క 'కి'లో దొరికింది. భాషలు పక్కపక్కన లేవు, మెట్ల మీద ఉన్నాయి. ఏ మెట్టు మీద ఏ భాష నిలబడుతుందో చూడగలిగితే, ఖండం మొత్తాన్ని చూడ్డానికి అదే దారి.

ఆ మెట్లు నాకు బళ్లో ఇంకా బాగా తెలిశాయి. నేనున్నప్పుడు టాంజానియాలో ప్రభుత్వ బళ్లలో మొదటి ఏడేళ్లూ చదువు స్వాహిలిలో. ఎనిమిదో ఏడు, అంటే ఫామ్ వన్‌లో, పాఠాలన్నీ ఇంగ్లీషులోకి మారిపోయేవి. మా తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఆకు ఆహారం ఎలా తయారుచేసుకుంటుందని అడిగితే లేచి నిలబడి బల్లకేసి చూసేది. ఒక్క మాట వచ్చేది కాదు. ఒకనాడు గంట కొట్టాక కిటికీ దగ్గర ఇద్దరు స్నేహితురాళ్లకు అదే పాఠం స్వాహిలిలో చెబుతుంటే విన్నాను. చేతులు తిప్పుతూ, ఎండ ఎక్కడ పడుతుందో, నీళ్లు ఎటునుంచి ఎక్కుతాయో బొమ్మ కట్టినట్టు చెబుతోంది. మధ్యమధ్యలో "ఉసనిసినురు" అంటోంది. తోటి టీచరును అడిగితే విడదీసి చెప్పాడు: ఉసనిసి అంటే కూర్చడం, నురు అంటే వెలుగు. మన కిరణజన్య సంయోగక్రియ లాంటిదే. ఆ నురు, మనకు ఉర్దూలో తెలిసిన నూర్, రెండూ అరబ్బీ నుంచి వచ్చినవే. ఆ పిల్లకు సైన్సు రాలేదని నేను మార్కులు కోసిన సంవత్సరం అది. ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

నువ్వు స్వాహిలిని ఆకాశానికెత్తావు. ఎత్తు, అందులో తప్పులేదు. తొలి అధ్యక్షుడు నైరేరే నాయకత్వంలో టాంజానియా అంతా కలిసి మాట్లాడుకునే భాషగా ఎదిగింది. యునెస్కో 2021లో జులై 7ను స్వాహిలి దినంగా ప్రకటించింది. 2022లో ఆఫ్రికన్ యూనియన్ దాన్ని కార్యాలయ భాషల్లో చేర్చింది. కానీ అదే టాంజానియాలో 120కి పైగా ఇతర భాషలున్నాయి, వాటిలో ఏ ఒక్కదానికీ బళ్లో చోటు లేదు. ఇది కూడా ఆ పేరాలోనే రాయి, కింద ఎక్కడో కాదు. గెలిచిన భాష కథ ఒక్కటే చెబితే అది సగం కథ.

సింబోల్ గురించి నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి. పశ్చిమాఫ్రికాలోని ఫ్రెంచి వలస బళ్లలో ఇంటిభాష మాట్లాడి దొరికిన పిల్లవాడి మెళ్లో ఒక చెక్కముక్కో ఎముకో వేలాడదీసేవారు. దాన్ని వదిలించుకోవాలంటే వాడు ఇంటిభాష మాట్లాడే ఇంకొకణ్ని పట్టివ్వాలి. సాయంత్రానికి అది ఎవడి మెళ్లో ఉంటే వాడికి శిక్ష. దెబ్బకంటే పట్టివ్వడం పెద్ద గాయం కదా. వొలోఫ్‌లోనో బంబారాలోనో ఒక మాట జారిన స్నేహితుడి కోసం చెవులు రిక్కించి కాచుకోవడం నేర్పింది ఆ బడి. ఇది చూపించు. చూపిస్తే, 1976 జూన్ 16న దక్షిణాఫ్రికాలోని సోవెటో పిల్లలు తెల్లవాళ్ల ప్రభుత్వం రుద్దిన ఆఫ్రికాన్స్ భాషలో మేం చదవం అంటూ వీధుల్లోకి ఎందుకొచ్చారో, మాలి 2023 రాజ్యాంగంలో ఫ్రెంచికి అధికార భాష హోదా ఎందుకు తీసేసిందో పాఠకుడికి నువ్వు విడమర్చనక్కర్లేదు. చట్టాల జాబితా మాత్రం సగానికి తగ్గించు. దక్షిణాఫ్రికా 2023లో సంజ్ఞాభాషను పన్నెండో అధికార భాషగా చేసుకున్న సంగతి ఉంచు, అది చాలామందికి తెలియదు.

ఇక నీ వ్యాసంలో అసలే లేనిది: భాష తనలోకి వచ్చినదాన్ని ఏం చేస్తుందన్నది. అరబ్బీ నుంచి 'కితాబు' స్వాహిలిలోకి వచ్చింది. స్వాహిలి చెవికి అందులోని 'కి' తన సొంత ఏకవచన ప్రత్యయంలా వినిపించింది. ఇక బహువచనం 'వితాబు' అయిపోయింది! ఇంగ్లీషువాళ్లు రోడ్డు కూడలి దగ్గర "కీప్ లెఫ్ట్" అని బోర్డు పెడితే, ఆ కూడలి 'కిపిలెఫ్టి' అయింది, రెండుంటే 'విపిలెఫ్టి'. అరువు తెచ్చుకున్న మాటను ఇంటి కోడలిలా కలుపుకునే భాషను పట్టుకుని "కలుషితమైంది" అని రాశావే, ఆ మాట తీసెయ్యి. నాకు నిజంగా బాధ కలిగింది.

డోలు మాట. కాంగో నది ఒడ్డున లొకెలె జనం చెక్కడోలుతో ఊరినుంచి ఊరికి కబురు పంపేవారని రాసి, "సంకేతాలు" అన్నావు. అవి ఊరికే సంకేతాలు కావు, భాషే. లొకెలెలో స్వరం ఎత్తు మారితే అర్థం మారుతుంది. నైజీరియాలో మాట్లాడే యొరుబాలోనూ అంతే, ఒకే 'ఒకొ' ఎత్తునుబట్టి మొగుడూ అవుతుంది, పారా అవుతుంది, బండీ అవుతుంది. డోలుకు హల్లులూ అచ్చులూ పలకవు, ఆ ఎత్తుపల్లాలు మాత్రం పలుకుతాయి. మరి ఒకే ఎత్తుపల్లాలున్న మాటలు చాలా ఉంటాయి కదా, ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అందుకే డోలు మీద పొట్టి మాట ఒంటరిగా రాదు. 'చంద్రుడు' అనాలంటే 'నేలకేసి తొంగిచూసే చంద్రుడు' అని మోగిస్తారు. తోడు మాటలు వచ్చాక అర్థం తేలిపోతుంది. రాసేవాడిగా నాకు ఇంతకంటే ఇష్టమైన సంగతి ఆ ఖండం మొత్తంలో లేదు. దీనికి ఒక పేజీ అయినా ఇవ్వు.

ఒక్క జాగ్రత్త. ఖండమంతా బహుభాషల సంత అని కూడా తేల్చేయకు. సొమాలియాలో అత్యధికులది ఒకటే భాష, రువాండాలో దాదాపు అందరికీ కిన్యరువాండా వచ్చు.

చివరి పేజీలో అంతరించిపోతున్న భాషల మీద విలాపం ఉంది. దాని బదులు గినీ దేశపు ఇద్దరు అన్నదమ్ములను పెట్టు, ఇబ్రహీమా బారీ, అబ్దులాయే బారీ. ఊళ్లోవాళ్లు ఉత్తరాలు చదివించుకోవడానికి వాళ్ల నాన్న దగ్గరికి వచ్చేవారు. వాళ్ల భాష ఫులానీ; ఆ మాటలను అరబ్బీ లిపిలో రాస్తే కొన్ని ధ్వనులకు అక్షరాలే లేవు, రాసింది ఒకటి, చదివేది ఇంకొకటి. 1989లో, పద్నాలుగేళ్ల అన్న, పదేళ్ల తమ్ముడు గది తలుపేసుకుని, కళ్లు మూసుకుని కాగితం మీద గీతలు గీసి, నచ్చిన ఆకారాలు ఏరి తమ భాషకు లిపి కట్టారు. దాని పేరు అద్లమ్. కుడినుంచి ఎడమకు రాస్తారు. 2016లో యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లు గుర్తించే అక్షరాల పట్టికలోకి ఎక్కింది, ఇప్పుడు ఫోన్లలో ఉంది.

రెండో ప్రతి రాశాక పంపు. మొదటి వాక్యంలో ఆ కండక్టరు కుర్రాడి ఫోను మోగనీ. నా అనుభవం కదా అని మొహమాటపడకు, వాడుకో. అద్లమ్ అక్షరాల అచ్చుప్రతి ఒకటి నా దగ్గరుంది. దీంతోపాటే పంపుతున్నాను, పైన 'అలిఫ్' నుంచి వరసగా ఉన్నాయి. కూర్చుని నాలుగు అక్షరాలు నీ చేత్తో రాసి చూడు, ఆ తర్వాతే ఆ పేజీ మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
అన్నయ్య